నది కాదు

పాత దాణా కొట్టు మా స్టూడియో.
వాన పట్టిన రోజున గోడల్లోంచి
ఇప్పటికీ ఓట్ల గింజల వాసనొస్తుంది.
మైకుకి అది అందదు,
పాడేవాళ్ల గొంతుకి మాత్రం తెలుస్తుంది.

ఎమ్మెట్ స్టాల్కప్ పోయిన రెండో ఏడు
అతని పాటలు పన్నెండింటిని
పన్నెండు గొంతుల్లో పోసి
ఒక రికార్డు చేద్దామన్నారు.
బతికున్నన్నాళ్లూ అతని రికార్డులు
అట్టపెట్టెల్లో, అతని ట్రక్కులోనే తిరిగాయి.
పెట్రోలు బంకులో చిల్లర తక్కువైతే
ఒకటి తీసి ఇచ్చేవాడు.
బంకు కుర్రాడు వద్దంటే
రెండు ఇచ్చేవాడు.

వచ్చారు, ఒక్కొక్కరే.
టల్సా నుంచి డెలానీ రస్క్
చంకలో బిడ్డ,
బిడ్డ గుప్పిట్లో గిటారు పట్టీ కొస.
డెబ్బై దాటిన ఐరా మాబ్రీ కుర్చీ వద్దన్నాడు.
"కూర్చుంటే ఈ పాట నన్ను నమ్మదు."
ఆస్టిన్ నుంచి నలుగురు కుర్రాళ్లు
అరిగినట్టు కనపడే కొత్త బూట్లతో.

ఆ కుర్రాళ్లు రెండో చరణం నడుమ
ఉన్నట్టుండి ఆగారు.
ఒక్క లిప్త.
మళ్లీ అందుకున్నారు.
"ఎమ్మెట్ గారి ఆ మౌనం ఉంది చూశారూ,
దానికోసమే మేం పాటల్లోకి వచ్చాం" అన్నాడు వాళ్లలో పొడుగాటివాడు.
నేను తల దించుకుని తీగలు చుట్టుకున్నాను.

అది మౌనం కాదు బాబూ, దగ్గు.
రంపపు మిల్లులో పొట్టు మింగిన ఊపిరి.
ముప్పై ఏళ్ల కిందట, ఇదే గదిలో,
బ్లేడుతో టేపు కోసి ఆ దగ్గు తీసేసింది నేనే.
తీసిన చోటు పూడలేదు.
ఆ గుంతని మీరు
ప్రార్థన నేర్చుకున్నట్టు నేర్చుకున్నారు.

ఆఖరి పాట డెలానీది.
అందరికీ వచ్చిన పాట,
పెళ్లిళ్లలోనూ, శవపేటిక దించేటప్పుడూ పాడే పాట.
"రివర్, నన్ను ఇంటికి మోసుకుపో" అని పల్లవి.
కళ్లు మూసుకుని పాడింది.
గాజు ఇవతల బిడ్డ కూడా ఏడుపు మానింది.

మర్నాడు ఎమ్మెట్ చెల్లెలు వచ్చింది, ఓర్ఫా.
ఎనభై ఒకటి.
ఊరేసిన బీట్‌రూట్ సీసా నా బల్ల మీద పెట్టి
తల గుడ్డ మీంచే హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.
పాట అయ్యేదాకా కదల్లేదు.
అయ్యాక అడిగింది:
"ఇంతకీ ఈ రివర్ ఎవరు?"

నేను నీళ్లు నమిలాను.

"మా కొండమీద నదెక్కడిది నాయనా?
ఉన్న ఒక్క వాగూ ఆగస్టుకే రాళ్లు తేలేది.
రివర్ కాదు, రీవా.
మా కంచర గాడిద.
ఎడమ చెవి సగమే ఉండేది దానికి.
మా జిల్లాలో సారా నిషేధం.
శనివారం వీడు హద్దు దాటి వెళ్లి తాగేవాడు.
కళ్లెం వదిలేసి మెడమీద పడుకుంటే
అదే తీసుకొచ్చేది.
గేటు తీయడం నా పని.
అప్పుల కింద నాన్న దాన్ని మిసూరీ వాడికి అమ్మేసినప్పుడు
మొదటిసారి వీడు ఇంటికి నడిచొచ్చాడు.
వచ్చేసరికి తెల్లారింది.
గడప మీదే కూర్చుని కట్టాడు ఆ పాట."

డెలానీని మళ్లీ పిలిపించనా అన్నాను.
"వద్దు. జనం నది అనుకుంటున్నారని వాడికి తెలుసు.
నదికైతే టిక్కెట్టు కొంటారే,
గాడిదకి ఎవరు కొంటారూ అనేవాడు."
నవ్వింది. నవ్వుతూనే
గుడ్డ కొసతో ముక్కు తుడుచుకుంది.

ఆ రాత్రి ఒక్కణ్నే పాట వేసుకున్నాను.
డెలానీ గొంతు కింద, చాలా కింద,
చెక్క నేల మీద ఆమె మడమ
టక్కు టక్కుమంటూ ఉంది.
పొద్దున తీసేద్దామని
కాగితం మీద గుర్తు పెట్టుకున్న చప్పుడే.
వింటూ కూర్చున్నాను.
ఎవరో తాగిన మనిషిని మోస్తూ
తొందర లేకుండా
గుంతలు తప్పించుకుంటూ వస్తున్నారు.

గుర్తు కొట్టేశాను.

అట్టమీద పేర్లు అచ్చుకి పంపినప్పుడు
ఆఖరి పాట కింద ఒక ముక్క చేర్చాను:
తాళం - రీవా స్టాల్కప్.

నాష్‌విల్ ఆఫీసు నుంచి
నిన్న ఫోనొచ్చింది.
ఈ రీవా గారి చెక్కు
ఏ చిరునామాకి పంపాలి అని.